మంచు ఓడ నుండి ఇంటి రిఫ్రిజిరేటరు వరకు

వేసవిలో కళ్యాణదుర్గము వంటి ఊళ్లలో రిఫ్రిజిరేటరు విరామము లేక మోగుచుండును. విద్యుత్తు బిల్లు పెరుగును. లోపలి పాలు మాత్రము నిలువవు. గ్యాసు అయిపోయినదని గృహస్థు తీర్మానించును. మెకానిక్కును పిలుచుటకు ముందు ఈ యంత్రపు చరిత్రను ఒకమారు తిరుగవేయుట మేలు.

1833లో బోస్టన్ వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్, చలికాలమున గడ్డకట్టిన మంచును సుమారు 180 టన్నులు 'టస్కనీ' అను ఓడలో కలకత్తాకు పంపెను. నాలుగు నెలల ప్రయాణములో ఓడ భూమధ్యరేఖను రెండు మారులు దాటెను. అయినను దాదాపు 100 టన్నులు కరగక మిగిలెను. ఓడలో శీతలయంత్రమేదియు లేదు. గడ్డలను సందు లేకుండ పేర్చి, చుట్టును పొట్టు దట్టించిరి. వారు చలిని పుట్టింపలేదు, వేడిని రానీయలేదు. అంతే.

1842 ప్రాంతమున మద్రాసు తీరమున ఇదే వర్తకమునకై ఐస్‌హౌస్ వెలసెను. అనంతపురం సీమ కూడ నాడు మద్రాసు రాజధానిలోనిదే. 1870వ దశకము నుండి మన దేశముననే యంత్రములతో మంచు తయారగుటచే ఓడ మంచు వ్యాపారము క్షీణించెను. 1897లో వివేకానందస్వామి మద్రాసులో బసచేసినది ఆ భవనముననే.

ఆ యంత్రములకు దారి చూపినవాడు జేకబ్ పెర్కిన్స్. 1834లో లండనులో అతడు పేటెంటు పొందిన పద్ధతిలో ఈథరు ఆవిరియగుచు వేడిని గ్రహించును. ఆ ఆవిరిని నొక్కి చల్లార్చగా వేడిని విడిచి మరల ద్రవమగును. నేటి రిఫ్రిజిరేటరు చేయునదియు ఇదే. ద్రవములు మాత్రము మారినవి.

లోపల 4 డిగ్రీలు, గదిలో 25 డిగ్రీలు ఉన్నచో తేడా 21. గది 42 డిగ్రీలకు ఎక్కినచో తేడా 38. తేడాను బట్టి లోనికి చొరబడు వేడి పెరుగును. ఆ వేడిలో ప్రతి కెలోరీని బయటికి తోయుటకు కావలసిన కనీసపు పనియు తేడాను బట్టియే పెరుగునని 1824లో కార్నో చూపిన సూత్రము వలన తెలియును. రెండు పెరుగుదలలు కలిసి పని మూడింతలు దాటును. కావున వేసవిలో యంత్రము ఎక్కువసేపు తిరుగుట సహజము. ఎన్నడును ఆగకుండుట సహజము కాదు.

అప్పుడు రెండే ప్రశ్నలు. వేడి ఎచటినుండి వచ్చుచున్నది? వచ్చినది ఏల పోకున్నది? తలుపు సందున కాగితము పెట్టి మూసి లాగవలెను; సులువుగా జారినచో రబ్బరు పట్టీ సడలినట్లే. వేడి వంటకములను చల్లారకముందే లోపల పెట్టరాదు. గోడకును యంత్రమునకును మధ్య ఖాళీ విడువవలెను. ప్లగ్గు తీసి, వెనుక గొట్టపు చుట్టపై దుమ్ము దులుపవలెను. ఓడలో మంచును కాచిన పొట్టు వలెనే ఈ దుమ్మును వేడిని కదలనీయదు; చోటు తప్పినందున కీడు చేయును. లోపల పావు అంగుళము మించి పేరిన మంచును కరగించుటయు ఇందుకే.

గ్యాసు మూసిన గొట్టములలో తిరుగునది. వాడుకొలది తరుగదు, కారినప్పుడే తగ్గును. పై పరీక్షలన్నియు ముగిసిన పిదపనే దానిని శంకింపవలెను. అప్పుడు కూడ రంధ్రమును మూయింపక గ్యాసు నింపించుట చిల్లికుండలో నీరు పోయుటయే.