వయస్సు - ఆయుస్సు

ఉద్దానమన్న పేరు ఉద్యానమన్న మాటకు రూపాంతరమని పెద్దలు చెప్పుదురు. పలాస, వజ్రపుకొత్తూరు మొదలుకొని మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురము వరకును వ్యాపించిన యీ తీరభూమి కొబ్బరికిని, జీడిమామిడికిని, పనసకును పుట్టినిల్లు. తోటలు పచ్చగానే యున్నవి. వాని నమ్ముకొన్న మనుష్యులు మాత్రము మూత్రపిండముల వ్యాధిచే నడివయస్సుననే కృశించుచున్నారు. మధుమేహముగాని రక్తపుపోటుగాని లేనివారిని సైతము ఈ వ్యాధి విడుచుట లేదు. దీని మూలకారణ మింకను నిర్ధారణ కాలేదు.

రోగి ప్రాణాపాయస్థితిలో నుండగా బంధువులు రెండు మాటలనుకొందురు. "పెద్దవాడు, ఇంక తట్టుకొనలేడు" అని యొకటి. "చిన్నవాడే, కోలుకొనును" అని రెండవది. ఈ లెక్క యెంతవరకు నిజము?

తీవ్రచికిత్స చరిత్ర యేమంత పాతది కాదు. 1952లో కోపెన్‌హాగన్ నగరమున పోలియో ప్రబలినప్పుడు, ఇబ్సెన్ అను వైద్యుడు 12 ఏండ్ల బాలికకు గొంతున గొట్టము అమర్చి, చేతితో ఊపిరి పోయించి బ్రతికించెను. తరువాత వైద్యవిద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్లు రోగులకు ఊపిరి పోసిరి. అయితే, కృత్రిమ మూత్రపిండముచే మొదట ప్రాణము దక్కినది పసివారికి గాదు. 1945లో హాలెండు దేశమున డాక్టరు కోల్ఫ్ ఆ యంత్రముతో కాపాడినది 67 ఏండ్ల వృద్ధురాలిని.

అయినను యంత్రములు కొరతగా నున్న దినములలో వయస్సే ద్వారపాలకుడైనది. అమెరికాలోని సియాటిల్ నగరమున 1962లో డయాలిసిస్‌కు రోగుల నెన్నుకొన్నప్పుడు 45 ఏండ్లు దాటినవారిని, పిల్లలను ముందే తొలగించిరి.

1985లో డాక్టరు నాస్, ఆయన సహచరులు రోగి యపాయమును అంకెలలో కొలుచు పద్ధతి నొకదానిని ప్రకటించిరి. దాని పేరు అపాచీ-2. మొత్తము 71 అంకములలో వయస్సునకు దక్కునవి హెచ్చుపక్షము 6. అవియు 75 ఏండ్లు నిండినవారికే. 44 ఏండ్ల లోపువారికి సున్న. కాని నిత్యము డయాలిసిస్‌పై ఆధారపడి, అత్యవసరముగా చేరిన రోగికి దీర్ఘవ్యాధి పేరిట 5, రక్తమున క్రియాటినిన్ మిక్కిలి హెచ్చియున్నచో మరి 4 చేరును. అనగా 40 ఏండ్ల ఉద్దానపు రైతు ఆ తలుపు దాటునప్పటికే 9 అంకముల బరువు మోయును. మూత్రపిండములు బాగున్న 76 ఏండ్ల వృద్ధునికి వయస్సు తెచ్చునవి 6 మాత్రమే.

దీనినిబట్టి వయస్సు లెక్కకు రాదనుకొనరాదు. తీవ్రచికిత్స ముగించుకొని యింటికి చేరిన పిదప కూడ, వృద్ధులలో మరణములు ఎక్కువ. నడచుట, తమ పని తాము చేసికొనుట మందముగా తిరిగివచ్చును. అయితే వృద్ధులలోనైనను, ఏండ్లకంటె జబ్బుకు ముందటి దేహబలమే భవిష్యత్తును స్పష్టముగా తెలుపునని ఇటీవలి పరిశోధనల సారాంశము.

ఒకప్పుడు ఇచ్చటి రోగులు దాదాపు 200 కిలోమీటర్ల దూరముననున్న విశాఖపట్టణమునకు పోవలసివచ్చెడిది. తరువాత టెక్కలి, పలాస, సోంపేటలలో డయాలిసిస్ కేంద్రములు వెలసినవి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల వైద్యశాలయు, మూత్రపిండవ్యాధుల పరిశోధనకేంద్రమును ప్రారంభమైనవి. హిరమండలము జలాశయమునుండి ఉద్దానమునకు త్రాగునీరు తెచ్చు పథకమును నాడే ఆరంభమైనది.

కావున వైద్యుడు రోగి వయస్సడిగినప్పుడు ఆ యొక్క అంకెతో ఊరకుండరాదు. నెలక్రితము తోటకు నడచిపోగలిగెనా, ఎన్నాళ్లనుండి డయాలిసిస్, ఆహారమెట్లుండెను అను సంగతులు కూడ తప్పక చెప్పవలెను. పుట్టిన సంవత్సరము చెప్పలేని విషయములు అవియే చెప్పును.