ఆకాశవాణి కంట్రోలు రూము: తంతి నుండి ప్యాకెట్టు వరకు

కన్నడదేశమున స్థిరపడిన తెలుగువారమగు మనము ఆకాశవాణి యను పేరు తలచినప్పుడు మొదట మైసూరును స్మరింపవలెను. 1935లో మనస్తత్త్వ శాస్త్రాచార్యులైన ఎం.వి. గోపాలస్వామిగారు మైసూరులో తమ యింటనే ఒక చిన్న ప్రసార యంత్రమును నెలకొల్పిరి. ఆకాశవాణి యను పేర ప్రసిద్ధి చెందినది ఆ కేంద్రమే. పిదప ఆ పేరు దేశమందలి రేడియో కంతటికిని వచ్చెను. 1955 నవంబరు 2వ తేదీన బెంగుళూరు కేంద్రము ప్రారంభమయ్యెను. తెలుగు వినవలెనన్నచో 1938లో వెలసిన మదరాసు కేంద్రమును, 1948లో వెలసిన విజయవాడ కేంద్రమును, 1963లో వచ్చిన కడప కేంద్రమును మనకు దిక్కు.

గాజులకును, వీణా మృదంగములకును పేరుపొందిన మన బళేపేటలో మా బాల్యమున రాత్రి భోజనములైన పిమ్మట రేడియో ముల్లును వెండ్రుకవాసి త్రిప్పుచు విజయవాడను వెదకువారుండిరి. మధ్యతరంగములు పగటివేళ నేలనంటి కొంతదూరమే పోవును. రాత్రి మాత్రము పైనున్న విద్యుత్ పొరలను తాకి వందలకొలది మైళ్లకు దిగివచ్చును. అందుచేత మనకు తెలుగు చీకటిపడిన తరువాతనే స్పష్టముగ వినబడుచుండెను. అదియును అలలవలె హెచ్చుచు తగ్గుచు వచ్చెడిది. విజయవాడలో భక్తిరంజనికి రూపుదిద్దిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు తుదకు మన బెంగుళూరు కేంద్రపు డైరెక్టరుగా 1978లో ఉద్యోగవిరమణ చేసిరన్న సంగతి ఈ వీధిలో ఎందరికి తెలియునో!

శ్రోతకు గాయకుని పేరు తెలియును. ప్రకటన చేయువారి గొంతు తెలియును. కంట్రోలు రూములో కూర్చున్న ఇంజనీరు ఎవ్వరికిని తెలియడు. స్టూడియోలనుండి వచ్చు తంతులన్నియు ఆ గదిలో చేరును. ఏ ధ్వని ఎప్పుడు పోవలెనో, ఎంత హెచ్చుగ పోవలెనో అచ్చటనే నిర్ణయమగును. అచ్చటినుండి టెలిఫోను తంతిమీద ఊరి వెలుపలనున్న ప్రసారిణికి పోవును. ఆ తంతి తెగినచో మరియొక తంతి. కరెంటు పోయినచో డీజిలు యంత్రము. కార్యక్రమము ఆగినచో వెంటనే పెట్టుటకు ఒక గ్రామఫోను రికార్డు సిద్ధముగ నుండెడిది. జరిగిన ప్రతి అంతరాయమును నిమిషములతో సహా పుస్తకమున వ్రాయవలెను. గుమాస్తా కొలువు చేసినవారము గనుక మాకు ఆ పుస్తకముపై ప్రత్యేకాభిమానము కలదు.

ఢిల్లీలో చదివిన తెలుగు వార్తలు తెలుగునాటికి వచ్చుట మరియొక కథ. అవి హ్రస్వతరంగములమీద వచ్చుచుండ, మన కేంద్రములు పట్టి మరల ప్రసారము చేయుచుండెను. వాతావరణము బాగులేనినాడు వార్తలలో సగము గురగుర శబ్దమే. 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహము ఎగిరిన పిదప ఆ బాధ క్రమముగ తొలగెను. ఈ మార్పులలో మన నగరము ప్రేక్షకురాలు మాత్రమే కాదు. 1948లో స్థాపింపబడిన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ టెలిఫోను యంత్రములను, 1954లో స్థాపింపబడిన భారత్ ఎలక్ట్రానిక్స్ ప్రసారిణులను ఇచ్చటనే తయారు చేసినవి.

అంతవరకును ఒక ధ్వనికి ఒక తంతి యనుటయే ధర్మము. టెలివిజనులోను అంతే. ఒక కేబులు, ఒక బొమ్మ, ఒకే దిక్కు. ఇప్పటి ఐ.పి. పద్ధతి దీనిని మార్చివేసినది. ధ్వనిని, బొమ్మను చిన్న చిన్న ప్యాకెట్లుగ కట్టి, ప్రతిదానిపై చిరునామాయు వరుస సంఖ్యయు వ్రాసి, అన్నిటిని ఒకే వలలో వదలుదురు. మన పేటలో కిరాణా పొట్లములు కట్టి బండికెత్తినట్లే యనుకొనుడు. ఒక హెచ్.డి. చిత్రమునకు సెకనుకు సుమారు నూటయేబది కోట్ల బిట్లు పోవలెను. దారిలో ఒక పొట్లము జారిపోవచ్చును; వెనుకటిది ముందు రావచ్చును. ఉత్తరమునకు ఆలస్యమైనను ఫరవాలేదు గాని, జరుగుచున్న కచేరీకి అట్లు కాదు.

దీనికి ఇంజనీర్లు రెండు ఉపాయములు కనిపెట్టిరి. మొదటిది, ఒకే ప్రవాహమును రెండు వేర్వేరు వలలలో ఏకకాలమున పంపుట. ఒకదానిలో పోయిన ప్యాకెట్టును రెండవదాని నుండి అందుకొందురు. వినువానికి తెలియనే తెలియదు. రెండవది గడియారము. ప్రతి యంత్రమును సెకనులో పదిలక్షలవ వంతు లోపల ఒకే కాలమును చూపవలెను. 2017లో ఎస్.టి. 2110 అను ప్రమాణము వెలువడినది. బ్రిటనులో బి.బి.సి. వారు కార్డిఫ్ నగరమున తమ క్రొత్త భవనమును ఈ పద్ధతిమీదనే కట్టిరి.

అయినను నకలున్నంత మాత్రమున నమ్మకము కుదరదు. దస్త్రమునకు నకలు తీసి అదే బీరువాలో పెట్టువారిని మేము చూచియున్నాము. వాన కురిసిననాడు రెండును తడియును. 2021 సెప్టెంబరు 25వ తేదీన లండనులో రెడ్ బీ మీడియా అను సంస్థ ప్రసారశాలలో మంటలనార్పు వాయుయంత్రము పనిచేయుటతో, ఆ అదటుకు కంప్యూటరు డిస్కులు చెడిపోయినవి. చానల్ 4 బొమ్మ త్వరలోనే తిరిగి వచ్చెను గాని, చెవిటివారు చదువుకొను ఉపశీర్షికలు వారములకొలది రాలేదు. ఈ ఉదంతము మావంటివారికి గుచ్చుకొనును. ఏదైనను తెగినప్పుడు ముందుగ బాగుపడునది పదిమంది చూచునది. కొలదిమందికి కావలసినది పిమ్మట. పరభాషాప్రాంతమున నున్న తెలుగు శ్రోతయు కొలదిమందిలోని వాడే.

ఇప్పుడు ఆకాశవాణి తెలుగు కేంద్రములు న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ ద్వారా పట్టపగలే మన ఫోనులో వినబడుచున్నవి. రాత్రికై వేచియుండు బాధ లేదు, గురగుర లేదు. ఇది సామాన్యమైన లాభము కాదు. అయితే ఫోనులో వచ్చునది కొన్ని సెకనులు ఆలస్యముగ వచ్చును గనుక, గంటల సంకేతమునకు గడియారము సరిచేసికొనువారు పాతపెట్టెనే నమ్ముదురు. ఇంటర్నెట్టు ఆగిననాడు, ఫోను వాడుట రాని ముసలమ్మకు ఆ పాతపెట్టెయే రెండవ దారి. మధ్యతరంగ ప్రసారిణులు దేశమున పలుచోట్ల ఇప్పటికే మూతపడినవి. క్రొత్త వలకు రెండవ దారిని అంత శ్రద్ధతో వేయు అధికారులు, ఉన్న ప్రసారిణిని ఆర్పుటకు ముందు శ్రోతలకు ఏ రెండవ దారి మిగులునో చెప్పవలెనని కోరుచు, మన సంఘములు ఒక విన్నపమైనను వ్రాయవచ్చును గదా.