ఎనిమిదో తరగతిలో ఒక్క పరీక్ష.. ఇంటర్ దాకా స్కాలర్‌షిప్: ఎన్ఎంఎంఎస్‌కు ఎవరు అర్హులు? ఎక్కడ నష్టపోతున్నారు?

గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల్లో దసరా నాటికి పత్తి తీతలు మొదలవుతాయి. సంక్రాంతి దాటాక మిరప కోతలు జోరందుకుంటాయి. చేతికి అందివచ్చిన పిల్లలు ఉంటే ఇంటికి ఇంకో కూలి వస్తుంది. 'ఈ నాలుగు రోజులే' అని బడి మాన్పించేది ఎక్కువగా 7, 8 తరగతుల్లోనే. సరిగ్గా అదే సమయంలో, ఆ పిల్లల కోసమే కేంద్ర ప్రభుత్వ పథకం కింద ఒక పరీక్ష జరుగుతుంది. దాని పేరు నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్, క్లుప్తంగా ఎన్ఎంఎంఎస్.

మీ ఇంట్లో పనిచేసే ఆమె కూతురో, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొడుకో, ఊళ్లో మీ బంధువుల పిల్లలో సర్కారు బడిలో చదువుతుంటే ఈ వివరాలు వారికి చెప్పండి.

ఎంత వస్తుంది?

ఏడాదికి రూ.12,000. 9వ తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు నాలుగేళ్లకు మొత్తం రూ.48,000. డబ్బు నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడుతుంది. 2008లో మొదలైన ఈ పథకం ఉద్దేశం ఒక్కటే: ఎనిమిది తర్వాత పేద పిల్లలు చదువు మానకుండా చూడటం. దేశవ్యాప్తంగా ఏటా లక్ష కొత్త స్కాలర్‌షిప్‌లు ఇస్తారు. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4,087.

ఎవరు రాయొచ్చు?

ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్, ఎయిడెడ్ బడుల్లో 8వ తరగతి చదువుతున్నవారు. 7వ తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం చాలు. కుటుంబ వార్షికాదాయం రూ.3.50 లక్షలు మించకూడదు. ప్రైవేటు బడులు, కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, హాస్టల్ వసతి ఉన్న ప్రభుత్వ గురుకులాల విద్యార్థులకు అవకాశం లేదు.

పరీక్ష ఎలా ఉంటుంది?

సాధారణంగా డిసెంబరు మొదట్లో ఒక ఆదివారం జరుగుతుంది. మూడు గంటలు, 180 మార్కులు. మొదటి భాగం మెంటల్ ఎబిలిటీ (90 ప్రశ్నలు). రెండో భాగం 7, 8 తరగతుల పాఠాలపై: సైన్స్ 35, సోషల్ 35, లెక్కలు 20. అర్హతకు రెండింటిలో కలిపి 40 శాతం, అంటే 72 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీలకు 32 శాతం. అయితే అర్హత మార్కులు వచ్చినంత మాత్రాన స్కాలర్‌షిప్ రాదు. జిల్లా కోటాలో మెరిట్ ప్రకారం ఎంపిక చేస్తారు.

పల్లె పిల్లలు ఎక్కువగా తడబడేది మొదటి భాగంలోనే. సంఖ్యల శ్రేణులు, కోడింగ్, అద్దంలో ప్రతిబింబాల వంటి ప్రశ్నలు పాఠ్యపుస్తకంలో ఉండవు. అలాగని అవి కష్టమైనవీ కావు, అలవాటు లేకపోవడమే ఇబ్బంది. ఏడో తరగతి వేసవి సెలవుల నుంచే పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని రోజూ అరగంట సాధన చేయిస్తే తేడా కనిపిస్తుంది. మీ ఫోన్‌లో పేపర్లు డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసివ్వడం కూడా సాయమే.

దరఖాస్తు ఎవరు చేయాలి?

బడి తరఫున ప్రధానోపాధ్యాయుడే ఆన్‌లైన్‌లో చేస్తారు. సాధారణంగా ఆగస్టు, సెప్టెంబరుల్లో గడువు ఉంటుంది. పరీక్ష ఫీజు ఓసీ, బీసీలకు రూ.100, ఎస్సీ, ఎస్టీలకు రూ.50. ఆదాయ, కుల ధ్రువీకరణ పత్రాలకు జులైలోనే గ్రామ, వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టండి. విద్యార్థి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే దరఖాస్తులో ఉండాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా తర్వాత డబ్బు దగ్గర చిక్కు వస్తుంది.

పాసైనా డబ్బు రాకపోవడానికి కారణాలేంటి?

ఎంపికైతే పని అయిపోయినట్టు కాదు. 9వ తరగతిలో నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో విద్యార్థి నమోదు కావాలి. ఆ దరఖాస్తును ముందు బడి, తర్వాత జిల్లా విద్యాశాఖ ఆమోదించాలి. ఖాతాకు ఆధార్ అనుసంధానం ఉండాలి. ప్రతి ఏటా రెన్యువల్ చేసుకోవాలి.

మరో మూడు విషయాలు గుర్తుంచుకోండి.

1. 9వ తరగతి మొదటి ప్రయత్నంలోనే పాసవ్వాలి. పదిలో 60 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 55) తెచ్చుకోవాలి.

2. పది తర్వాత ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరితే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. గుంటూరు చుట్టుపక్కల కుటుంబాలకు ఇది ముందే తెలియాలి.

3. హాస్టల్ వసతి ఉన్న ప్రభుత్వ గురుకులంలో చేరినా ఆగిపోతుంది. అయితే అక్కడ తిండి, వసతి, చదువు ఉచితం. సీటు వస్తే ఏది మేలో లెక్క చూసుకుని నిర్ణయించుకోవాలి.

కోతలకు కుటుంబం వలస వెళ్తే?

కర్నూలు పశ్చిమ మండలాల నుంచి ఏటా వేల కుటుంబాలు గుంటూరు, పల్నాడు మిరప చేలకు వస్తాయి. పిల్లలూ వెంట వస్తే సొంతూరి బడిలో హాజరు పోతుంది. ఇలాంటి పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. బయల్దేరే ముందే ప్రధానోపాధ్యాయుడిని గానీ, మండల విద్యాశాఖాధికారిని గానీ అడగాలి.

ఏడాదికి రూ.12,000 అంటే నెలకు వెయ్యి. ఒక సీజన్ కూలితో పోలిస్తే పెద్ద మొత్తమేమీ కాదని ఇంట్లో అనొచ్చు. కానీ ఈ పరీక్షకు చదివిన చదువే పదో తరగతి మార్కులకు పునాది. నూజివీడు, ఒంగోలు సహా నాలుగు ట్రిపుల్ ఐటీల్లో ఆరేళ్ల బీటెక్ సీట్లు పది మార్కులతోనే ఇస్తారు. కాలేజీ దారి ఇంటర్‌లో కాదు, ఏడు, ఎనిమిది తరగతుల్లోనే మొదలవుతుంది. ఆ రెండేళ్లూ పిల్లలు చేలో కాకుండా బడిలో ఉండాలి.

తేదీలు, ఫీజు, నిబంధనలను ఆ ఏడాది నోటిఫికేషన్‌లో ఒకసారి సరిచూసుకోండి. ప్రభుత్వ పరీక్షల విభాగం వెబ్‌సైట్ బీఎస్ఈ డాట్ ఏపీ డాట్ జీవోవీ డాట్ ఇన్‌లో అది దొరుకుతుంది.