కోర్టు వండించిన అన్నం

2001. రాజస్థాన్‌లో వరసగా మూడో ఏడు కరువు. జైపూర్ శివార్లలోని భారత ఆహార సంస్థ గోదాములు మాత్రం పట్టనంతగా నిండిపోయాయి. లోపల చోటు చాలక గోధుమ బస్తాలను ఆరుబయటే పేర్చారు. తడిసిన గింజ పులిసి కంపు కొడుతోంది. మిగిలింది ఎలుకల పాలు. అదే రాష్ట్రంలో కొన్ని పల్లెల్లో సంసారాలు తిండికి వంతులు వేసుకున్నాయి. ఇవాళ ఇంట్లో కొందరు తింటే, రేపు మిగతావాళ్లు. ఆ లెక్కలో పసివాళ్లకూ మినహాయింపు లేదు.

ఈ రెండు దృశ్యాలనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు ఊరుకోలేకపోయారు. పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ రాజస్థాన్ శాఖ తరఫున కవితా శ్రీవాస్తవ, న్యాయవాది కాలిన్ గొన్సాల్వెజ్ కాగితాలు సిద్ధం చేశారు. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులో రిట్ పిటిషన్ పడింది. నంబరు 196. అందులోని ప్రశ్న పల్లెటూరి ముసలమ్మ అయినా అడిగేదే: గింజలు మీ దగ్గర ఉన్నాయి, మనుషులు పస్తులున్నారు, ఇదేం పరిపాలన? దాన్నే చట్టం భాషలోకి మార్చి, జీవించే హక్కు చెప్పే 21వ అధికరణంలో తినే హక్కు ఉందా లేదా అని నిలదీశారు. కరువొస్తే ప్రభుత్వం ఏం చేయాలో 1962లోనే రాజస్థాన్ కరువు నియమావళి చెప్పింది, దాన్నీ కోర్టు ముందుంచారు.

గింజలు లేవనడానికి సర్కారుకు దారి లేదు. ఆ జులై నాటికి కేంద్రం నిల్వలు 6 కోట్ల టన్నులు దాటాయి. ఆపద కోసం అట్టిపెట్టుకోవాల్సింది అందులో సగం కూడా కాదు. జులై 23న కోర్టు చెప్పింది కూడా అదే: తిండి పుష్కలంగా ఉంది, నిరుపేదల దాకా చేరడమే లేదు. వృద్ధులు, గర్భిణులు, బాలింతలు, దిక్కులేని పిల్లలు ఆకలితో అలమటించకుండా చూడడమే అన్నిటికన్నా ముఖ్యమని న్యాయమూర్తులు తేల్చారు. ఆరు రాష్ట్రాలతో మొదలైన కేసులోకి తర్వాత దేశమంతా వచ్చి చేరింది.

అసలు మలుపు 2001 నవంబరు 28. ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలల్లో ప్రతి బిడ్డకూ వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలి. కనీసం 300 క్యాలరీలు, 8 నుంచి 12 గ్రాముల ప్రోటీన్. ఏడాదికి కనీసం 200 రోజులు. మూడు నెలల్లో సగం జిల్లాల్లో, అదీ పేద జిల్లాలతో మొదలుపెట్టాలి. మరో మూడు నెలల్లో మిగతావాటిలో. పథకాన్ని పథకంగా వదిలేయకుండా, ఇంత పెట్టాలి, ఇన్నాళ్లు పెట్టాలి అని కొలతలేసి చెప్పిన తీర్పులు మనకు అరుదు.

‘వండిన’ అనే షరతు ఎందుకంటే, అప్పటిదాకా చాలా రాష్ట్రాల్లో పిల్లలకు అందుతున్నది పచ్చి గింజలే. 1995 ఆగస్టు 15న మొదలైన కేంద్ర పథకం కింద, 80 శాతం హాజరున్న బిడ్డకు నెలకు 3 కిలోలు. నెలాఖరున సంచి భుజాన వేసుకుని ఇంటికెళ్తారు. ఇంట్లో పొయ్యి ఒక్కటే, కుండా ఒక్కటే. అయిదు నోళ్లున్న ఇంట్లో బడిపిల్ల వాటా ఎంతని ఎవరు కొలుస్తారు? కడుపు మాడ్చుకుని మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చున్న పిల్లకు ఆ సంచీ వల్ల ఒరిగిందేమీ లేదు.

బడిలో వండిపెట్టడం బ్రహ్మవిద్యేం కాదు. మద్రాసు నగరపాలక సంస్థ 1920లోనే థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు అన్నం పెట్టింది. అప్పటి అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి మన తెలుగు దేవాంగుల బిడ్డే. అక్కడి ముఖ్యమంత్రులు కామరాజ్ 1956లో, ఎంజీఆర్ 1982లో దాన్ని రాష్ట్రమంతా విస్తరించారు. ఎనభై ఏళ్ల అనుభవం పొరుగింట్లోనే ఉన్నా, చాలా రాష్ట్రాలు డబ్బుల్లేవంటూ కోర్టు గడువును దాటబెట్టాయి.

గడువు ముగిసింది. 2002 ఏప్రిల్ 9న ఆహార హక్కు ఉద్యమకారులు దేశంలో ఎన్నోచోట్ల రోడ్డెక్కారు. పిల్లలు ఖాళీ కంచాలతో బారులు తీరారు. కొన్నిచోట్ల కార్యకర్తలే వండి, నడిబజారులో వడ్డించి సర్కారు పరువు తీశారు. మే నెలలో కోర్టు ఇద్దరు కమిషనర్లను నియమించింది. ఒకరు ఎన్.సి.సక్సేనా. రెండోవారు మన ఎస్.ఆర్.శంకరన్. వెట్టిచాకిరీ విముక్తి కోసం, దళిత, గిరిజనుల కోసం ఆంధ్రప్రదేశ్‌లో పాటుపడ్డ ఐఏఎస్, తర్వాత పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్న మనిషి. ఏ రాష్ట్రం వండుతోంది, ఏది నాన్చుతోంది అని కోర్టుకు నివేదించే పని ఆయన చేతికి రావడం తెలుగువాళ్లం గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి.

ఆ జులైలో రాజస్థాన్ బడుల్లో ఘూగ్రీ ఉడికింది. గోధుమలు ఉడకబెట్టి బెల్లం కలిపినది. రోజూ అదే, పిల్లలకు మొహం మొత్తింది. అయినా ఒకటో తరగతిలో పేర్లు పెరిగాయి, ఆడపిల్లలవి మరీ. మన దగ్గర 2003 జనవరిలో పొయ్యి వెలిగింది. పిల్లకు 100 గ్రాముల బియ్యం, వంట బాధ్యత డ్వాక్రా మహిళలది. చాలా బడులకు వంటగది లేదు. చెట్టు కిందో, వరండా చివరో మూడు రాళ్లు, కట్టెలు. పొగ తరగతిలోకి. కిరాణా కొట్లో పప్పు, నూనె అప్పు పెట్టి తెచ్చుకున్నదీ ఆ ఆడవాళ్లే, బిల్లు కోసం ఎదురుచూసిందీ ఆ ఆడవాళ్లే.

కులం కూడా ఆ పొయ్యి దగ్గరికి వచ్చింది. దళిత మహిళ వండితే మా పిల్లలు తినరని కొన్ని ఊళ్లలో పెద్దలు అడ్డం తిరిగారు. 2004 ఏప్రిల్ 20న కోర్టు తడుముకోకుండా చెప్పింది: వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకే ప్రాధాన్యం. ఖర్చు పిల్లల దగ్గర వసూలు చేయొద్దనీ చెప్పింది. నా దృష్టిలో ఈ కేసు మొత్తంలో అన్నింటికన్నా ధైర్యమున్న ఉత్తర్వు అదే. పక్కపక్కన కూర్చుని ఒకే గిన్నెలోది తినడం చాలామంది పిల్లలకు అప్పుడే మొదటిసారి.

2013లో ఆహార భద్రత చట్టం ఈ భోజనాన్ని హక్కుగా రాసిపెట్టింది. 2017 ఫిబ్రవరిలో పదహారేళ్ల కేసు ముగిసింది. పేర్లు మాత్రం మారుతూనే ఉన్నాయి. కేంద్రంలో పీఎం పోషణ్, ఆంధ్రప్రదేశ్‌లో గోరుముద్ద పోయి డొక్కా సీతమ్మ పేరు. లంకల గన్నవరంలో వచ్చినవాళ్లందరికీ వండిపెట్టిన ఆ తల్లిది ధర్మం. బడిలో పెట్టేది అలాంటిది కాదు, ప్రభుత్వం తీర్చాల్సిన బాకీ. పేరు మార్చే నాయకులు ఈ తేడా గుర్తుంచుకుంటే చాలు.

బాకీ ఇంకా ఒకటుంది. వండేవాళ్లకు కేంద్రం 2009లో లెక్కగట్టిన సొమ్ము నెలకు 1,000 రూపాయలు, అదీ ఏడాదికి 10 నెలలకే. ఆ తర్వాత పదేళ్లు దాటినా అది కదల్లేదు. మన రెండు రాష్ట్రాలూ తమ వంతు కలిపి 3,000 చేశాయి. పొద్దున బియ్యం కడగడం దగ్గర్నుంచి మధ్యాహ్నం గిన్నెలు తోమేదాకా చేసే పనికి అది కూలి అనిపించుకోదు. పిల్లల కంచం కోసం ఒక కేసు నడపాల్సి వచ్చింది. వంటమ్మ జీతం కోసం ఇంకో రిట్ పిటిషన్ పడేదాకా ఆగకండి.