కట్టెల కొట్టం నుంచి సిల్వరు గిన్నె దాకా

మన సంఘం సమావేశాలకు వచ్చినప్పుడల్లా మిత్రులు నన్నడిగే ప్రశ్న ఒకటుంది. "మావాడికి సైన్సంటే ప్రాణంరా. ఏ కాలేజీలో చేర్చమంటావు?" ఒకప్పుడు తడుముకోకుండా పెద్ద కాలేజీ పేరేదో చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పడం లేదు. ఎందుకో ఈ స్వర్ణోత్సవ సంచికలో రాస్తే నలుగురికీ పనికొస్తుందనిపించింది.

నేను ముప్పయ్యేళ్లుగా అల్యూమినియం పరిశ్రమలో పనిచేస్తున్నాను. మన ఇళ్లలో సిల్వరు గిన్నెలంటామే, అవి వెండివి కావు, అల్యూమినియంవి. అయితే 1880ల తొలినాళ్లలో ఆ లోహం నిజంగానే వెండితో పోల్చదగ్గ ధర పలికేది. 1884లో అమెరికాలో వాషింగ్టన్ స్మారక స్తంభం కొనకు పెట్టింది అల్యూమినియం తొడుగే. నేలలో ఈ లోహానికి కొదవలేదు. దాన్ని ఆక్సిజన్ నుంచి విడదీయడమే కష్టం.

ఆ చిక్కుముడి విప్పినవాడు ఒక చిన్న కాలేజీ విద్యార్థి. ఒహాయో రాష్ట్రంలో ఓబర్లిన్ అనే ఊళ్లో 1833లో మొదలైన కాలేజీ అది. 1880లో ఫ్రాంక్ జ్యూయెట్ అక్కడ కెమిస్ట్రీ మాస్టారుగా చేరారు. ఆ ఊరి కుర్రాడు చార్లెస్ మార్టిన్ హాల్ కాలేజీలో చేరకముందే గాజుగొట్టాలు కొనుక్కోవడానికి ఆయన ల్యాబుకు వచ్చేవాడు. మాస్టారు ఆ కుర్రాణ్ణి గుర్తుపెట్టుకున్నారు. అల్యూమినియాన్ని చౌకగా తీసే పద్ధతి కనిపెడితే ఎంత మేలు జరుగుతుందో క్లాసులో చెప్పినప్పుడు హాల్ దాన్ని మనసులో నాటుకున్నాడు.

1885లో డిగ్రీ చేతికొచ్చింది. ఇంటి వెనక కట్టెల కొట్టమే అతని ల్యాబు అయింది. బ్యాటరీలకు, రసాయనాలకు మాస్టారు సాయపడ్డారు. అదే కాలేజీలో కెమిస్ట్రీ చదివిన అక్క జూలియా తోడుంది. అల్యూమినాను నేరుగా కరిగించాలంటే రెండు వేల డిగ్రీలు దాటాలి. కరిగిన క్రయొలైట్‌లో కలిపితే సుమారు వెయ్యి డిగ్రీలు చాలు. అలా కలిపి కరెంటు పంపితే మొదట లోహం రాలేదు, బూడిదరంగు పొర వచ్చింది. మట్టి మూసలోని సిలికా కరిగి కలుస్తోందని హాల్ ఊహించాడు. మూస లోపల కార్బన్ పూత వేశాడు. 1886 ఫిబ్రవరి 23న మెరిసే లోహపు గుళికలు దొరికాయి. అప్పటికతనికి 22 ఏళ్లు.

అదే ఏడు ఫ్రాన్స్‌లో ఎరూ కూడా ఇదే పద్ధతి కనిపెట్టాడు. పేటెంటు తగాదా వచ్చినప్పుడు, ఏ రోజు ఏం జరిగిందో జూలియా ఇచ్చిన సాక్ష్యం తమ్ముడికి అక్కరకొచ్చింది. ఈనాటికీ మా ఫ్యాక్టరీ తొట్లలో నడిచేది ఆ సూత్రమే. తొట్టి లోపల కార్బన్ అస్తరూ ఉంటుంది.

చిన్న కాలేజీతోనే అన్నీ అయిపోలేదు. ఫ్యాక్టరీ పెట్టడానికి 1888లో పిట్స్‌బర్గ్ పెట్టుబడిదార్లు కావలసివచ్చారు. కానీ మొదటి గుళిక రావడానికి కావలసినవి వేరు: పిల్లవాణ్ణి ఎరిగిన మాస్టారు, అతనికి తలుపు తెరిచే ల్యాబు, పరీక్షలయ్యాక కూడా తెగని బంధం. హాల్ దాన్ని మరవలేదు. 1914లో పోయేముందు తన ఆస్తిలో మూడోవంతు ఓబర్లిన్‌కు రాసిచ్చాడు.

ఇదంతా తెలిసి కూడా నేను పొరపాటు చేశాను. మా అమ్మాయి ఫిజిక్స్ చదువుతానంది. మా ఊరికి దగ్గర్లోని చిన్న కాలేజీకి ఒకసారి వెళ్లొచ్చి, "అక్కడి మేడమ్ నాతో గంటసేపు మాట్లాడారు నాన్నా" అని మురిసిపోయింది. నేను వినలేదు. పేరున్న పెద్ద కాలేజీలో చేర్చాను. అక్కడ ప్రాక్టికల్సంటే ఎనిమిదిమంది ఒక పరికరం చుట్టూ నిలబడి, ఎవరో తీసిన రీడింగులు రాసుకోవడం. డిగ్రీ పూర్తిచేసింది, మార్కులూ బాగానే వచ్చాయి. ఆ తర్వాత మాత్రం ఫిజిక్స్ జోలికి పోలేదు. తప్పు నాదని ఆమెకు చెప్పడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

మన బడిలో సాయంత్రం బెల్లు కొట్టాక కూడా సైన్సు మాస్టారు ల్యాబు తాళం నా చేతికిచ్చి వెళ్లేవారు. నేను ఇంజినీరునయ్యానంటే ఆ తాళం చెవి వల్లే. అంత దగ్గరి సంగతి నేనెలా మరిచిపోయానో!

కాబట్టి మిత్రులారా, ఈసారి అడిగితే కాలేజీ పేరు చెప్పను. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి, ల్యాబులో పరికరాలు ఎవరి చేతుల్లో ఉన్నాయో చూడండి. మాస్టారికి పిల్లల పేర్లు తెలుసేమో కనుక్కోండి. వచ్చాక వాళ్ల మాట వినండి.