ప్రవర్తనను చదివే కొలువు: మనోవికాస్ నగర్ నుంచి యాప్రాల్ దాకా

సికింద్రాబాద్ ఈశాన్యపు అంచున ఉన్న యాప్రాల్ ఒకప్పుడు పల్లె. ఇప్పుడు అక్కడ సైన్యంలో పనిచేసేవారు, పనిచేసి రిటైరైనవారు ఎక్కువగా ఉండే కాలనీలు వెలిశాయి. నగరంలోని ఇలాంటి కాలనీల్లో ఈమధ్య పిల్లల థెరపీ కేంద్రాల బోర్డులు తరచు కనిపిస్తున్నాయి. స్పీచ్ థెరపీ పక్కనే ‘ఏబీఏ’ అనే మూడక్షరాలూ ఉంటాయి. అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్, అంటే అనువర్తిత ప్రవర్తనా విశ్లేషణ అన్నమాట. ఇది అమెరికా నుంచి నిన్నగాక మొన్న దిగిన కొలువని చాలామంది అనుకుంటారు. కానీ దీని వేళ్లు యాప్రాల్‌కు పడమరగా, కంటోన్మెంట్ దాటితే వచ్చే బోయినపల్లిలో నలభై ఏళ్ల క్రితమే పడ్డాయి.

అంతకుముందు మేధో వైకల్యం ఉన్న బిడ్డ భారమంతా తల్లిదే. అలాంటి పిల్లల కోసం హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968లో మొదలైంది. మనస్తత్వవేత్త స్కిన్నర్ ప్రయోగశాల సూత్రాలను బడికి, ఇంటికి, ఆసుపత్రికి తెచ్చిన ఏబీఏ శాస్త్రానికి అమెరికాలో సొంత పత్రిక పుట్టిందీ ఆ ఏడాదే. 1977లో సికింద్రాబాద్‌లో డాక్టర్ పి. హనుమంతరావు ‘స్వీకార్’ను స్థాపించారు. ఇలాంటి సంస్థలకు ముందుగా కావలసింది మనుషులు. ఓపిక ఉన్నవారు దొరికేవారు గాని, ఈ పనికని చదువుకున్నవారు అరుదు.

ఆ లోటు తీర్చడానికే కేంద్ర ప్రభుత్వం 1984లో బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థను నెలకొల్పింది. అందరూ ‘నిమ్’ అని పిలిచిన ఆ సంస్థే పేరు మారి నేడు ‘నీపిడ్’ అయింది. ప్రత్యేక విద్యలో డిప్లొమాలు, డిగ్రీలు, పునరావాస మనస్తత్వశాస్త్రంలో ఎం.ఫిల్ నడిపి, దేశం నలుమూలలకూ ఉపాధ్యాయులను, నిపుణులను పంపింది. ఇక్కడి రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ 1992లో టీచర్ల కోసం ప్రవర్తనా పద్ధతుల కరదీపిక రాశారు. దానితోపాటే ‘బేసిక్-ఎంఆర్’ అనే కొలమానం వచ్చింది. మొదటి భాగంలో ఏడు రంగాలకు చెందిన 280 నైపుణ్యాలు, రెండో భాగంలో పది రకాల కింద 75 సమస్యా ప్రవర్తనలు. బిడ్డకు ఏది రాదన్న దానికన్నా ముందు ఏది వచ్చో అది అడుగుతుంది.

పద్ధతి వినడానికి సులువే. పలక ముందు పెట్టగానే పిల్లవాడు తల బాదుకుంటాడు. టీచరు భయపడి పలక తీసేస్తుంది. వాడికి అర్థమైంది ఒక్కటే: తల బాదుకుంటే పాఠం ఆగుతుంది. అందుకని ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, ఆ తర్వాత ఏం జరిగింది అని రోజూ రాసుకోవాలి. ఆపైన పాఠాన్ని చిన్న ముక్కలు చేయాలి, ‘కాసేపు ఆపు’ అని సైగతో అడగడం నేర్పాలి, అడిగినప్పుడు నిజంగానే ఆపాలి. అరవడం, కొట్టడం అక్కర్లేదు. కావలసింది చూసే కన్ను, రాసే అలవాటు. ఈ కరదీపిక రాసింది మామూలు టీచరు కోసం, చాలామంది పిల్లలుండే గది కోసం.

చట్టం మాత్రం మెల్లగా నడిచింది. 1986లో సొసైటీగా ఏర్పడిన భారత పునరావాస మండలికి 1992 చట్టంతో అధికారం వచ్చింది. మండలిలో పేరు నమోదైతేనే ఈ వృత్తి చేయాలన్నారు. గుర్తించిన పదహారు వృత్తుల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు, పునరావాస మనస్తత్వవేత్తలు ఉన్నారు గాని ‘బిహేవియర్ అనలిస్ట్’ లేడు. పని ఉంది, పదవి లేదు. ఏబీఏను ఎక్కువగా వాడే ఆటిజం ప్రస్తావన 1995 వికలాంగుల చట్టంలో లేనే లేదు. 1999 జాతీయ ట్రస్టు చట్టం దాన్ని చేర్చుకుంది. 2009లో నిమ్ తయారుచేసిన భారతీయ ఆటిజం కొలమానం వచ్చింది. 2016 చట్టం 21 వైకల్యాల జాబితాలో ఆటిజాన్ని నిలిపింది.

ఈలోగా అమెరికా దారి వేరే. 1987లో మనస్తత్వవేత్త లోవాస్, ఆటిజం ఉన్న ఒక్కో బిడ్డతో వారానికి 40 గంటలు విడిగా పనిచేసిన ఫలితాలు ప్రచురించి సంచలనం రేపాడు. ఆయన తొలినాళ్లలో శిక్షలు వాడడాన్ని, పిల్లలను ‘మామూలు’గా కనిపించేలా దిద్దాలన్న పట్టుదలను ఆటిజం ఉన్న పెద్దలే తర్వాత తప్పుపట్టారు. 1998లో బిహేవియర్ అనలిస్టులకు ధ్రువపత్రాలిచ్చే బోర్డు అక్కడ ఏర్పడింది. 2014లో 40 గంటల శిక్షణతో మొదలయ్యే టెక్నీషియన్ పత్రం వచ్చింది. మన దేశంలోనూ ఆ పత్రాలకు గిరాకీ పెరిగింది. అంతలో 2023 నుంచి కొత్త దరఖాస్తులను కొద్ది దేశాలకే పరిమితం చేస్తూ బోర్డు మనకు తలుపు మూసింది. వేరే అంతర్జాతీయ పత్రాల కోసం వెతుకులాట మొదలైంది.

అంతకు కాస్త ముందే ఇక్కడ మరో తలుపు తెరుచుకుంది. 2021 అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం తన షెడ్యూల్లో బిహేవియరల్ అనలిస్ట్‌ను పేరుతో సహా చేర్చింది. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రత్యేక ఉపాధ్యాయుల కొరతపై తీర్పిచ్చింది. 2022లో కేంద్రం ప్రత్యేక అవసరాలున్న పిల్లల్లో ప్రాథమిక స్థాయిలో పదిమందికి, ఆ పైన పదిహేనుమందికి ఒక ప్రత్యేక టీచరు ఉండాలని నిష్పత్తి ఖరారు చేసింది. అయినా మన దగ్గర ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లో వారిని చూసుకునే సమ్మిళిత విద్యా రిసోర్స్ పర్సన్లు (ఐఈఆర్పీలు) ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే నెట్టుకొస్తున్నారు.

సైనిక కుటుంబాలకు ఇంకో చిక్కు ఉంది: బదిలీ. సైనికుల భార్యల సంక్షేమ సంఘం పలు కంటోన్మెంట్లలో నడిపే ‘ఆశా’ ప్రత్యేక బడులు సికింద్రాబాద్‌లోనూ ఉన్నాయి. బిడ్డ ఊరు మారినప్పుడు థెరపిస్టు వెంట రాడు, రాసిపెట్టిన ఫైలు వస్తుంది. ఎక్కడి టీచరైనా చదివి కొనసాగించగల ఆ ఫైలు రాయడం నేర్పింది మనోవికాస్ నగరే. గంటకింత అని ఫీజు కట్టి ఒక్కో బిడ్డకు ఒక్కో థెరపిస్టును పెట్టుకోవడం అన్ని ఇళ్లకూ సాధ్యపడదు. అందుకే ఈ కొలువులో చేరదలచిన యువత ఏ పత్రం తెచ్చుకున్నా, టీచరుకూ ఆయాకూ తల్లికీ పని నేర్పడం కూడా నేర్చుకోవాలి. ఏబీఏ చదివినవారికి ఎంత జీతమన్నది మార్కెట్ తేలుస్తుంది. రోజంతా బిడ్డ పక్కనే ఉండే ఆయా చదువుకుని అనలిస్ట్ కాగల మెట్లను మాత్రం చట్టమే కట్టాలి.