చిన్న బొమ్మ, పెద్ద బొమ్మ

బొమ్మల్ని వెతికిపెట్టే యంత్రం మన దగ్గరికి పాఠకుణ్ణి తెస్తుందా, వచ్చేవాణ్ణి మధ్యలోనే ఆపేస్తుందా అన్న తగాదా గూగుల్ ఈ రంగంలోకి దిగకముందే కోర్టుకెక్కింది. 1999లో అమెరికాలో లెస్లీ కెల్లీ అనే ఫొటోగ్రాఫర్ ఆరిబా సాఫ్ట్ అనే కంపెనీ మీద కేసు వేశాడు. అమెరికా పశ్చిమ ప్రాంతాన్ని ఫొటోలు తీసి తన సైట్లో పెట్టుకున్నాడాయన. ఆరిబా వాటిలో 35 ఫొటోలను సేకరించి, చిన్న బొమ్మలుగా కుదించి, వెతికినవాళ్లకు చూపించింది. ఆ చిన్న బొమ్మను నొక్కితే పూర్తి ఫొటో ఆరిబా పేజీలోనే తెరుచుకునేది. 2002లో అప్పీళ్ల కోర్టు ఈ రెండింటినీ విడదీసి చూసింది. చిన్న బొమ్మ దారి చూపే గుర్తు, దాంతో ఫొటో అమ్మకానికి నష్టం లేదు కాబట్టి తప్పు కాదంది. పూర్తి ఫొటోను తన పేజీలో చూపడం మాత్రం తప్పేనంది. 2003లో తీర్పును సవరించి, ఈ రెండో భాగాన్ని కింది కోర్టు మళ్లీ విచారించాలని వెనక్కి పంపింది. న్యాయశాస్త్రం సంగతి అటుంచితే, ఆ తర్వాత పాతికేళ్ల చరిత్రకు కావలసిన సూత్రం ఆ మొదటి తీర్పులోనే ఉందని నాకనిపిస్తుంది. కొత్తగా రాయడం మొదలుపెట్టినవాడి దగ్గరికి బొమ్మ ద్వారా పాఠకులు వచ్చారా లేదా అన్నది బొమ్మ అందచందాల కన్నా, దాన్ని చూపించేవాడు ఎంత సైజులో, ఏ బటన్‌తో చూపించాడన్న దాని మీదే ఎక్కువ ఆధారపడింది.

గూగుల్ ఇమేజెస్ పుట్టుక గురించి గాయని జెన్నిఫర్ లోపెజ్ ఆకుపచ్చ గౌను కథ అందరూ చెబుతారు. 2000 ఫిబ్రవరిలో గ్రామీ వేడుకకు ఆమె వేసుకొచ్చిన గౌనును జనం ఎగబడి వెతికారనీ, చూపించడానికి తమ దగ్గర లింకులు తప్ప బొమ్మ లేకపోయిందనీ 2015లో అప్పటి గూగుల్ ఛైర్మన్ ఎరిక్ ష్మిట్ రాశాడు. 2001 జూలైలో సుమారు 25 కోట్ల బొమ్మలతో ఆ సేవ మొదలైంది. గౌను కన్నా ఆసక్తికరమైన విషయం దాని పనితీరులో ఉంది. అప్పటి యంత్రానికి బొమ్మలో ఏముందో తెలియదు. ఫైలు పేరు, బొమ్మ చుట్టూ ఉన్న మాటలు, బొమ్మ కనబడనప్పుడు చదవడానికి రాసిపెట్టే వర్ణన, వీటిని బట్టే అది ఊహించేది. అంటే పేరుకు బొమ్మల వెతుకులాటే గానీ, లోపల జరిగేది మాటల వెతుకులాటే. గోంగూర పచ్చడి ఫొటో ఎంత నిగనిగలాడినా, కెమెరా పెట్టిన అంకెల పేరుతోనే ఎక్కించి, పక్కన ఒక్క తెలుగు మాటైనా రాయకపోతే, తెలుగులో వెతికేవాడికి అది చేరే దారే ఉండేది కాదు. అయినా కొత్తవాళ్లకు ఇదొక అవకాశమే. మామూలు వెతుకులాటలో ఎవరి పేజీకి ఎక్కువమంది లింకులిచ్చారో వాళ్లు పైకొస్తారు. నిన్న మొదలుపెట్టినవాడికి లింకులెవరిస్తారు? బొమ్మల వరసలో మాత్రం పేరున్న పత్రిక ఫొటో, ఊరూ పేరూ లేనివాడి ఫొటో ఒకే సైజులో పక్కపక్కనే నిలబడతాయి. ఏది నొక్కాలో కన్నే తేలుస్తుంది. నొక్కగానే, ఆ రోజుల్లో, బొమ్మ ఉన్న అసలు పేజీ వెనకాల తెరుచుకునేది.

2013 జనవరిలో ఈ ఏర్పాటు మారింది. నొక్కిన బొమ్మ గూగుల్ పేజీలోనే నల్లటి పట్టీ మీద పెద్దదిగా విచ్చుకోవడం మొదలైంది. అసలు పేజీ వెనకాల తెరుచుకోవడం ఆగిపోయింది. తమ దగ్గరికి వచ్చేవాళ్లు ఒక్కసారిగా పడిపోయారని చాలా సైట్లు మొత్తుకున్నాయి. దీనికి గూగుల్ చెప్పిన సమాధానాన్ని కొట్టిపారేయలేం. వెనకాల తెరుచుకున్న పేజీని ఎవరూ చదవలేదు, లెక్కలో మాత్రం సందర్శకుడిగా నమోదయ్యేవాడు, అది ఉత్తుత్తి రాక అంది. పైగా సైటుకు తీసుకెళ్లే లింకులు రెండు నుంచి నాలుగయ్యాయి కాబట్టి సైట్లలోకి వెళ్లేవాళ్లు సగటున పెరిగారంది. మొదటి మాట చాలామటుకు నిజమే. నీడల్ని కూడా మనుషులుగా లెక్కేసుకుని మురిసిపోయినవాళ్లు ఉన్నారు. రెండో మాట దగ్గరే నాకు పేచీ. ఆ లింకుల పక్కనే ఉన్న ఇంకో బటన్ పేజీకి కాకుండా నేరుగా బొమ్మ ఫైలుకు తీసుకెళ్లేది. అది నొక్కితే బొమ్మ తప్ప ఇంకేమీ ఉండేది కాదు, రాసినవాడి పేరు కూడా. అక్కడికి చేరినవాడికి చదవడానికి ఒక్క అక్షరమైనా దొరికేది కాదు. ఈ బటన్‌ను 2018 ఫిబ్రవరిలో గూగుల్ తీసేసింది. అప్పటికి కొద్దిరోజుల ముందే గెట్టీ ఇమేజెస్‌తో ఒప్పందం కుదిరింది. ఆ ఫొటోల సంస్థ 2016లో ఐరోపా కమిషన్‌కు ఫిర్యాదు చేసి ఉంది. అంతటి సంస్థ అడిగితే బటన్ పోయింది. చిన్న సైట్లు ఐదేళ్లు అడిగినా పోలేదు.

నచ్చిన బొమ్మల్ని బోర్డుల మీద గుచ్చి, అంటే పిన్ చేసి, దాచుకోనిచ్చే పింటరెస్ట్ దారి వేరు. అయినా అదీ చివరికి వచ్చేవాణ్ణి తన దగ్గరే ఆపేసే మలుపుకే వచ్చింది. 2010 మార్చిలో మొదలైనప్పుడు దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఆ మే నెలలో ఇంటి అలంకరణ గురించి రాసేవాళ్లు వరసగా ఒకరి తర్వాత ఒకరు, ఇల్లంటే తమకేమిటో చెప్పే బోర్డులు తయారుచేసి, తమ పాఠకులను అక్కడికి ఆహ్వానించారు. ‘పిన్ ఇట్ ఫార్వర్డ్’ అన్న ఈ కార్యక్రమంతోనే ఆ సంస్థకు కదలిక వచ్చింది. ఈ సంగతి మరిచిపోకూడదు. చిన్న రచయితలకు పింటరెస్ట్ పాఠకులను ఇవ్వకముందే, చిన్న రచయితలు దానికి పాఠకులను ఇచ్చారు. తర్వాత అది తిరిగిచ్చిన మాటా నిజమే. దానికి కారణం పిన్ అన్న వస్తువు కట్టుబడిలో ఉంది. ఒకరు గుచ్చిన బొమ్మను ఇంకొకరు తమ బోర్డు మీదికి తీసుకుంటే, బొమ్మతోబాటు అది పుట్టిన పేజీ లింకు కూడా కదిలి వస్తుంది. పది చేతులు మారినా లింకు ఊడదు. ఏదో వారం గుచ్చిన కుట్టు పని ఫొటో మరుసటి ఏడాది పెళ్లిళ్ల రోజుల్లో మళ్లీ తేలుతుంది. వార్తలాగా సాయంత్రానికి పాతబడదు. అయితే అందరూ సంతోషించలేదు. ఫొటోలు తమ అనుమతి లేకుండా పెద్ద సైజులో తిరుగుతున్నాయన్న గోల పెరిగి, 2012 ఫిబ్రవరిలో, తమ పేజీ నుంచి ఎవరూ పిన్ చేయకుండా ఆపే చిన్న కోడ్‌ను పింటరెస్టే ఇచ్చింది. ఫొటోల సైటు ఫ్లికర్ వెంటనే దాన్ని వాడుకుంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. బొమ్మ చూసి సంతృప్తిపడి వెళ్లిపోయేవాడు అసలు పాఠకుడే కాడు, అతను రాకపోతే నష్టమేమిటి అని. కాఫీ టేబుల్ మీద పూలకుండీ ఎలా పెట్టాలో చూసుకునేవాడి విషయంలో ఈ మాట ఒప్పుకుంటాను. ఆ ఫొటోలో చెప్పవలసినదంతా ఉంది, కిందనున్న నాలుగు పేరాలూ నిజానికి ఎవరికీ అక్కర్లేదు. కానీ ఆవకాయ జాడీ ఫొటో చూసినవాడికి ఆవపిండి ఎంత, ఉప్పు ఎంత, ఎన్నాళ్లు ఊరాలి అన్నది ఫొటోలో కనిపించదు. అది కావాలంటే పేజీకి రావలసిందే. బొమ్మ ఎక్కడ అసంపూర్తిగా ఉందో అక్కడే పాఠకుడు పుట్టాడు. వేదికలు ఆ అసంపూర్తిని కూడా పూరించడానికి పూనుకున్నాయన్నదే నా ఫిర్యాదు. 2013లో వంటల పిన్‌ల మీదే దినుసుల జాబితా, వండే సమయం కనిపించడం మొదలైంది. ఆ తర్వాత వచ్చిన కథల తరహా పిన్‌లలో, 2021లో ఐడియా పిన్‌లుగా పేరు మారినవాటిలో, ఏకంగా పని మొత్తం బొమ్మలూ వీడియోలతో అక్కడే చెప్పేయగలిగేవారు. బయటికి వెళ్లే లింకు మాత్రం అప్పట్లో వాటికి ఉండేది కాదు. పదేళ్లు లింకు కోసమే బొమ్మలు గుచ్చినవాళ్లను, అప్పుడు లింకు లేకుండా గుచ్చమన్నారు. ఇది వాళ్ల ఇల్లు, వాళ్లిష్టం అనేవాళ్లున్నారు. చట్టం ప్రకారం అంతే. కానీ ఆ ఇంట్లోకి మొదట జనాన్ని పిలుచుకొచ్చింది ఎవరో కూడా లెక్కలో ఉండాలి కదా. 2023లో పింటరెస్ట్ ఈ రకాలన్నిటినీ కలిపేసి, ఆ పిన్‌లకూ లింకు పెట్టుకోనిచ్చింది.